మరపడవకు మరమ్మతు: ముందుగా గుర్తించుట యెట్లు?

ఎద్దు నోరు విప్పి తన బాధ చెప్పదు. అయినను దాని నడక చూచినంతనే కాలిలో ముల్లు విరిగినదని రైతు గ్రహించును. మరపడవయు అట్టిదే. అది నట్టనడుమ హఠాత్తుగా ఆగిపోయినదని మనము చెప్పుకొందుము గాని, చాలమారులు అంతకు కొన్ని దినముల ముందే అది ఏదో యొక గుర్తు చూపియే యుండును. ఆ గుర్తులను తెలిసికొనుట పడవ నడుపువానికే గాక పంచాయతీ సభ్యులకును అవసరము.

పూర్వపు వరంగల్లు జిల్లా చెరువుల సీమ. పాకాల, రామప్ప, లక్నవరము తటాకములు కాకతీయుల నాటి నుండి పొలములకు నీరిచ్చుచున్నవి. లక్నవరము వంటి చోట్ల నేడు యాత్రికులను త్రిప్పు మరపడవలును కలవు. అయితే పడవ వినోదమునకు మాత్రమే గాదు. 2023 జూలై 27వ తేదీ తెల్లవారుజామున మోరంచవాగు పొంగి మోరంచపల్లి గ్రామమును ముంచెత్తినది. ప్రజలు ఇండ్ల పైకప్పులెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. వారిని ఒడ్డు చేర్చుటకు హెలికాప్టర్లును, రక్షక దళముల పడవలును రావలసివచ్చినది. ఆ దినములలోనే జంపన్నవాగు వరదకు కొండాయి గ్రామమున పలువురు మరణించిరి. అట్టి వేళ ఇంజను కదలని పడవ ఉండియు లేనట్టిదే.

పడవ వెనుక తగిలించు ఇంజనులలో గమనింపదగిన గుర్తులు ఇవి.

మొదటిది నీటి ధార. ఈ ఇంజనులలో పెక్కింటిని చల్లబరచునది చెరువు నీరే. లోపలనున్న చిన్న రబ్బరు చక్రము నీటిని పైకి తోడును. ఆ నీటిలో కొంత సన్నని ధారగా ప్రక్కనుండి వెలువడును. ధార సన్నగిలినను, ఆగినను వెంటనే ఇంజను ఆపవలెను. నీటి ద్వారమునకు నాచు గాని బురద గాని అడ్డుపడినచో తొలగింపవలెను. అప్పటికిని ధార రానిచో రబ్బరు చక్రము అరిగియుండవచ్చును. అట్లే నడిపినచో ఇంజను కాగి, పిస్టను బిగిసిపోవును. ఈ ఇంజనును ఒడ్డున నీరు లేకుండ తిప్పి చూచుటయు తగదు. కొద్దిసేపటిలోనే ఆ రబ్బరు చెడిపోవును.

రెండవది చప్పుడునకును వేగమునకును పొత్తు తప్పుట. ఇంజను గట్టిగా మ్రోగుచున్నను పడవ ముందుకు సాగనిచో పంకా రెక్క విరిగినదో, పంకాను ఇరుసునకు కలుపు భాగము జారుచున్నదో యగును. పడవ అదురుచున్నచో రెక్క వంగియుండవచ్చును. వినోదార్థము నడుపు నీటి స్కూటర్లకు బయట పంకా ఉండదు. అవి నీటిని పీల్చి వెనుకకు చిమ్ముచు సాగును. వాటియందును ఇదే గుర్తు కనబడినచో నీటిని పీల్చు జాలికి నాచు చుట్టుకొనుటయో, లోపలి చక్రము దెబ్బతినుటయో కారణమై యుండును. ఇంజను పూర్తిగా ఆపిన పిమ్మటనే చేయి పెట్టవలెను.

మూడవది గేరు నూనె. చేపల వల దారము పంకా వెనుక చుట్టుకొని, నీరు చొరకుండ ఆపు సీలును కోయును. అడుగు మర తిప్పి చూచినపుడు నూనె పాలవలె తెల్లబారియున్నచో లోనికి నీరు చేరినట్లే. నూనెలో లోహపు తునకలు కనబడినచో పండ్లచక్రములు దెబ్బతినుచున్నవని అర్థము.

నాలుగవది ఇంజను ఆయాసము. పలుమారులు త్రాడు లాగిన గాని అందుకొనకపోవుట, నడుమ నడుమ దగ్గుట, నల్లని పొగ చిమ్ముట ఇందు చేరును. పాత పెట్రోలు, పెట్రోలులో నీరు, మసిబారిన ప్లగ్గు, పగిలిన గొట్టము సామాన్య కారణములు. పెట్రోలు వాసన వచ్చుచున్నచో ఆలస్యము తగదు. ఆ ఆవిరి గాలికంటె బరువైనది గనుక పడవ అడుగున నిలిచి, చిన్న నిప్పురవ్వకే అంటుకొనును.

ఐదవది అడుగున చేరు నీరు. వాన లేని సాయంకాలమున పడవలోని నీటిని పూర్తిగా తోడి, చెరువులోనే కట్టివేయవలెను. తెల్లవారి చూచినపుడు నీరు చేరియున్నచో ఎక్కడనో పగులు కలదు. ఫైబరు పడవలో వ్రేలితో నొక్కిన మెత్తబడు చోటు లోన నీరు పీల్చినదని తెలియవలెను.

ఇక పంచాయతీ చేయదగినది స్వల్పము. గ్రామమున పడవ యున్నచో దాని బాధ్యతను ఒక వ్యక్తికి అప్పగింపవలెను. ఒక పుస్తకమున పడవ నడచిన గంటలను, మార్చిన నూనెను, కనబడిన గుర్తులను వ్రాయింపవలెను. ప్రతి సంవత్సరము మే నెలలోనే, తొలకరికి ముందు, పడవను నీటిపై నడిపించి సభ్యులు స్వయముగా చూడవలెను. నూనె, పెట్రోలు పాళ్లను ఇంజనుతో వచ్చిన పుస్తకము ననుసరించియే కలుపవలెను. తెడ్లు, రక్షణ కవచములు పడవలో లేనిదే బయలుదేరనీయరాదు.

అన్నింటికంటె కష్టమైనది పడవను ఆపుట. గుర్తు కనబడిన దినముననే ఒడ్డున జనము వేచియుందురు. "సర్పంచి గారూ, ఈ ఒక్కసారి పోయివస్తాను" అని పడవవాడు బతిమాలును. అతని ఆ దినపు కూలి పోవుననుట నిజమే. అయినను మరమ్మతు జరుగువరకు పడవను గట్టున కట్టించుట సభ్యుల ధర్మము. కూలి మరునాడైనను లభించును. నట్టనడుమ పోయిన ప్రాణము మరలి రాదు.