నా కళ్లతో నేనే చూశాను కదా!

ప్రశ్న: 1977 నవంబర్ ఉప్పెన నాటికి నాకు రెండేళ్లు కూడా నిండలేదు. అయినా అమ్మ నన్ను భుజాన వేసుకుని గుడి మెట్లెక్కడం, కింద గేదెలు కొట్టుకుపోవడం కళ్లకు కట్టినట్టు గుర్తుంది. మా పెద్దక్కేమో, ‘ఆ వారం నువ్వు ఏలూరులో అమ్మమ్మ దగ్గరున్నావు, ఇదంతా మేం చెబితే విన్నదే’ అంటుంది. నేను అబద్ధాలకోరునా?
– ఒక పాఠకురాలు, అవనిగడ్డ

జవాబు: ఎంతమాత్రం కాదండీ. అబద్ధమాడేవాళ్లకు అది అబద్ధమని తెలిసే ఉంటుంది. అయితే మీ అక్కగారి మాటే నిజమయ్యే అవకాశం ఎక్కువ. మూడేళ్లలోపు జరిగినవి పెద్దయ్యాక గుర్తుండడం చాలా అరుదు. మీ ఇంట్లో ఉప్పెన ఊసు ఎన్నిసార్లు వచ్చి ఉంటుందో ఆలోచించండి. గుడి మీకు తెలుసు, మెట్లు తెలుసు, అమ్మ భుజం తెలుసు. విన్న మాటలకు మనసే బొమ్మ కట్టింది. ఎవరు చెప్పగా విన్నామన్నది జారిపోయి బొమ్మ మాత్రం మిగిలింది.

పిల్లల మనసు గురించి జీవితమంతా పరిశోధించిన జీన్ పియాజేకే ఇది తప్పలేదు. పసితనంలో పారిస్‌లో షాంజెలీజే వీధిలో ఎవడో తనను ఎత్తుకుపోబోయాడనీ, ఆయా అడ్డుపడిందనీ ఆయనకు బాగా గుర్తు. ఆమె ముఖం మీద గీరుకుపోయిన గాట్లు గుర్తు. పరుగున వచ్చిన పోలీసు చేతిలోని తెల్ల లాఠీ కూడా గుర్తే. ఆయనకు పదిహేనేళ్లప్పుడు ఆయా దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది: అదంతా తాను కల్పించిందేనని, గాట్లు కూడా తాను పెట్టుకున్నవేనని. బహుమతిగా పుచ్చుకున్న గడియారం వాపసు చేసేసింది. లేని పోలీసుకు లాఠీ, దానికో రంగు!

ఒక్కమాట, అక్కగారి జ్ఞాపకం కూడా ఈ సరుకే. ఏలూరు నుంచి వచ్చిన పాత ఉత్తరం ఏదైనా దొరుకుతుందేమో వెతకండి.

ప్రశ్న: అమ్మకు డెబ్భై దాటాయి. తన పెళ్లి కథ చెప్పినప్పుడల్లా ఏదో ఒకటి మారుస్తోంది. మతిమరుపు జబ్బేమో?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: కథ మారినంత మాత్రాన జబ్బు కాదు, అది అందరికీ మారేదే. పొద్దున అడిగిందే గంటలో నాలుగుసార్లు అడుగుతున్నా, రోజూ వెళ్లే కొట్టుకు దారి తప్పుతున్నా, చిల్లర లెక్క తేలకపోతున్నా న్యూరాలజిస్టుకు చూపించండి.

ప్రశ్న: చెరువు కింది ఎకరం ఎవరికిస్తానని నాన్నగారు అన్నారో ముగ్గురన్నదమ్ములం మూడు రకాలుగా చెబుతున్నాం. ముగ్గురం ఆ గదిలోనే ఉన్నాం. తమ్ముడైతే ఒట్టేసి చెబుతున్నాడు. ఎవరిని నమ్మాలి?
– ఒక పాఠకుడు, జనగామ

జవాబు: ఒట్టును నమ్మకండి. తమ్ముడు మోసగాడని కాదు. 1986 జనవరి 28న చాలెంజర్ వ్యోమనౌక పేలిపోయింది. ఆ వార్త ఎక్కడ, ఎలా విన్నారో అమెరికాలోని ఎమరీ యూనివర్సిటీలో ఉల్రిక్ నైసర్ మర్నాడే విద్యార్థుల చేత రాయించి దాచాడు. రెండున్నరేళ్ల తర్వాత 44 మందిని మళ్లీ అడిగితే, 11 మంది చెప్పినదాంట్లో ఒక్క ముఖ్య వివరమూ పాత కాగితంతో కలవలేదు. చెప్పడం మాత్రం ధీమాగానే చెప్పారు. తమ దస్తూరీ తమకే చూపించినా అసలు సంగతి గుర్తుకు రాలేదు.

పైగా ఈపాటికి చుట్టాలంతా ‘పెద్దాడికే కదా ఇస్తానంది?’ అని అడిగే ఉంటారు. అడిగే తీరు కూడా జ్ఞాపకాన్ని మార్చేస్తుంది. 1974లో ఎలిజబెత్ లోఫ్టస్, జాన్ పామర్ కార్ల ప్రమాదం ఫిల్ము చూపించి, కార్లు ‘గుద్దుకున్నప్పుడు’ వేగమెంతని కొందరిని, ‘బద్దలయ్యేలా గుద్దుకున్నప్పుడు’ ఎంతని కొందరిని అడిగారు. మొదటివాళ్లు సగటున 34 మైళ్లన్నారు, రెండోవాళ్లు దాదాపు 41.

ఇకనైనా చర్చలు ఆపి, ఎవరికి వాళ్లు వేరేగా కూర్చుని గుర్తున్నది రాయండి. మూడు కాగితాల్లోనూ కలిసిన ముక్కకు కాస్త విలువుంటుంది. వీలునామా రాసి సాక్షి సంతకాలు చేయించకపోతే మాత్రం నోటిమాట చట్టం ముందు నిలవదు. మీది హిందూ కుటుంబమై, ఆ ఎకరం ఆయన స్వార్జితమైతే మీ అమ్మగారికి, అక్కచెల్లెళ్లకు కూడా మీతో సమాన వాటా ఉంటుంది. ఆ రోజు ఆ గదిలో వాళ్లూ ఉన్నారేమో, మీ ఉత్తరంలో ఎక్కడా కనబడలేదు.