లాంచీ ఎక్కే ముందు



కార్తీక మాసం వస్తే వనభోజనాలు. వేసవి వస్తే పిల్లలకు సెలవులు. నలుగురూ కలిసి ఎక్కడికైనా వెళ్ళి రావాలని అందరికీ ఉంటుంది. చాలామంది గోదావరి మీద లాంచీ ఎక్కి పాపికొండలు చూసి వస్తారు. అక్కడ గోదావరి కొండల మధ్య సన్నగా అయి పారుతుంది. దారిలో పేరంటపల్లి శివాలయం ఉంది. చూడవలసిన చోటే.

బస్సెక్కితే ఎలా ఉండాలో మనకు తెలుసు. ముసలివాళ్ళకు సీటు ఇస్తాం. కిటికీలోంచి చెయ్యి బయట పెట్టొద్దని పిల్లలకు చెబుతాం. లాంచీలో ఎలా ఉండాలో మాత్రం చాలామందికి తెలీదు. బస్సు ఆగిపోతే దిగి నడుస్తాం. లాంచీ నడి గోదావరిలో ఆగితే దిగడానికి నేల ఉండదు. అందుకని నీళ్ళ మీద ప్రయాణానికి కొన్ని నియమాలు పెట్టారు. అవి ఏమిటో, ఎందుకో ఈ పాఠంలో తెలుసుకుందాం.

కచ్చులూరు దగ్గర ఏం జరిగింది?

2019 సెప్టెంబరు 15. ఆదివారం. గండి పోచమ్మ గుడి దగ్గర రేవు నుండి ఒక లాంచీ పాపికొండలకు బయలుదేరింది. దాని పేరు రాయల్ వశిష్ఠ. అందులో 77 మంది ఉన్నారు. పిల్లాపాపలతో వచ్చినవాళ్ళూ ఉన్నారు.

ఆ రోజు గోదావరికి వరద వచ్చింది. సుమారు 5 లక్షల క్యూసెక్కుల నీరు పారుతోంది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. అంటే సుమారు 28 లీటర్లు. రెండు బిందెల నీళ్ళు అనుకోండి. 5 లక్షల క్యూసెక్కులంటే ఒక్క సెకనులో పది లక్షల బిందెల నీళ్ళు పోతున్నట్టు. ఆ ఒరవడి ఎలా ఉంటుందో ఊహించండి.

అప్పటి తూర్పు గోదావరి జిల్లా, దేవీపట్నం మండలంలో కచ్చులూరు ఉంది. అక్కడ నది ఇరుకు. లోతు ఎక్కువ. నీళ్ళు సుడులు తిరుగుతాయి. మధ్యాహ్నం వేళ లాంచీ అక్కడే ఒరిగి మునిగిపోయింది. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు పడవలు వేసుకుని వెళ్ళారు. దొరికినవాళ్ళను ఒడ్డుకు చేర్చారు. 26 మంది బతికారు. 51 మంది తిరిగి రాలేదు. లాంచీ 200 అడుగులకు పైగా లోతులోకి పోయింది. దాన్ని పైకి తీసేసరికి అక్టోబరు 22 అయింది.

ఆ లాంచీలో లైఫ్ జాకెట్లు ఉన్నాయి. భోజనాల వేళ అయిందని, ఉక్కగా ఉందని కొందరు వాటిని తీసేశారని బతికినవాళ్ళు చెప్పారు. ఇలా చెప్పడం చనిపోయినవాళ్ళను తప్పు పట్టడానికి కాదు. వరదలో లాంచీని వదలడమే మొదటి తప్పు. కానీ జాకెట్టు ఒంటి మీద ఉంటే మనిషి నీటి పైన తేలుతాడు. ఎవరో ఒకరు వచ్చి అందుకునే దాకా ఊపిరి ఉంటుంది.

అంతకు ముందు కూడా ఇలాంటివి జరిగాయి. 2017 నవంబరు 12న కృష్ణా నదిలో, విజయవాడ దగ్గర పవిత్ర సంగమం వద్ద ఒక పడవ బోల్తా పడింది. 20 మందికి పైగా చనిపోయారు. అది అనుమతి లేని పడవ. 2018 మే 15న దేవీపట్నం మండలంలోనే మంటూరు దగ్గర ఇంకో లాంచీ మునిగింది. గాలివాన వచ్చిందని తలుపులు, కిటికీలు మూసేశారు. మునిగేటప్పుడు లోపలివాళ్ళు బయటికి రాలేకపోయారు.

ఈ జాకెట్టు వేరు

జాకెట్టు అనగానే మనకు రవిక గుర్తుకు వస్తుంది. లైఫ్ జాకెట్టు అలాంటిది కాదు. దాని లోపల నీటిలో తేలే తేలికైన సరుకు ఉంటుంది. అది మన తలను నీటి పైకి ఉంచుతుంది. దాన్ని ఇలా వాడాలి:

1. లాంచీ కదలక ముందే వేసుకోవాలి. మునిగేటప్పుడు వేసుకుందామంటే కుదరదు.

2. చీర పైట చెంగును నడుముకు దోపుకుని, పైన జాకెట్టు వేసుకోవాలి. చెంగు వదులుగా వేలాడితే దేనికైనా చిక్కుకుంటుంది.

3. ఉన్న పట్టీలు అన్నీ బిగించాలి. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడాలి. గడ్డం దాటి పైకి వస్తే అది వదులుగా ఉన్నట్టు.

4. పిల్లలకు పిల్లల జాకెట్టే అడగాలి. పెద్దవాళ్ళది వేస్తే బిడ్డ కిందికి జారిపోతుంది, జాకెట్టు పైన మిగిలిపోతుంది.

5. దిగేదాకా తీయకూడదు. భోజనం చేసేటప్పుడు, ఫోటో తీసుకునేటప్పుడు కూడా తీయకూడదు. దాన్ని కింద వేసుకుని కూర్చోకూడదు.

బిందెను చూసి తెలుసుకోండి

నీళ్ళ బిందె చంకన పెట్టుకుంటే ఏం చేస్తాం? రెండో పక్కకు వంగి నడుస్తాం. లేకపోతే పడిపోతాం. మనిషికి వంగడం తెలుసు. లాంచీకి తెలీదు. అందరూ ఒకే పక్కకు వెళ్తే లాంచీ ఆ పక్కకే ఒరుగుతుంది. అందరూ పై అంతస్తు ఎక్కితే ఇంకా ప్రమాదం. తల మీద బరువు ఎక్కువైతే మనం ఎలా తూలుతామో లాంచీ కూడా అలాగే తూలుతుంది.

"అదిగో పాపికొండలు!" అని ఎవరో అరుస్తారు. అందరూ ఆ పక్కకు పరిగెత్తుతారు. అలా చేయకండి. కూర్చున్న చోటు నుండే చూడండి. కాసేపటికి లాంచీ తిరిగినప్పుడు కొండ మన పక్కకే వస్తుంది.

ఇంకా కొన్ని మర్యాదలు ఉన్నాయి. తలుపు దగ్గర సంచులు పెట్టొద్దు. మెట్ల మీద కూర్చోవద్దు. పిల్లలను చివరి అంచుకు పోనివ్వద్దు. విస్తళ్ళు, ప్లాస్టిక్ గ్లాసులు గోదావరిలో పారేయొద్దు. తాగినవాళ్ళు ఎక్కితే లాంచీవాళ్ళకు చెప్పండి. చేతిలో బిడ్డతో ఉన్నవాళ్ళకు, ముసలివాళ్ళకు దిగే దారికి దగ్గర చోటు ఇవ్వండి.

పెద్ద ఓడల్లో ఎలా చేస్తారు?

సముద్రం మీద తిరిగే విహార ఓడలు ఉన్నాయి. అవి ఒక ఊరంత ఉంటాయి. పిల్లలతో, తాత అమ్మమ్మలతో వేలమంది ఎక్కుతారు. లోపలే గదులు, భోజనశాలలు, ఈత కొలనులు ఉంటాయి. 2022 జూన్‌లో మన విశాఖపట్నం నుండి కూడా ఇలాంటి ఓడ ఒకటి ప్రయాణికులతో బయలుదేరింది.

ఆ ఓడల్లో నియమాలు చాలా ఉంటాయి. గదిలో ఇస్త్రీ పెట్టె వాడకూడదు. ఎందుకంటే నడి సముద్రంలో నిప్పు అంటుకుంటే పారిపోయే దారి ఉండదు. పిల్లలను కొలను దగ్గర ఒంటరిగా వదలకూడదు. భోజనానికి ముందు చేతులు కడుక్కోవాలి. ఒకరికి వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఓడంతా పాకుతుంది. గొడవ చేసినవాళ్ళను తరువాతి రేవులో దింపేస్తారు.

అన్నిటికన్నా పెద్ద నియమం ఒకటి ఉంది. ప్రయాణికులందరికీ ప్రమాదం వస్తే ఏం చేయాలో నేర్పాలి. ఏ చోట చేరాలి, జాకెట్టు ఎలా వేసుకోవాలి, ఏ గంట మోగితే ఏమిటి అన్నీ చెబుతారు. దీన్ని డ్రిల్లు అంటారు. ఎంత డబ్బున్నవాళ్ళయినా డ్రిల్లు తప్పదు. రానని మొండికేసినవాళ్ళను ఓడ దింపేసిన సంగతులు కూడా ఉన్నాయి.

ఇంత గట్టిగా ఎందుకంటే దాని వెనక కూడా ఒక దుఃఖం ఉంది. 2012 జనవరి 13 రాత్రి ఇటలీ దేశంలో కోస్టా కాంకోర్డియా అనే ఓడ ఒడ్డుకు మరీ దగ్గరగా పోయి రాయికి గుద్దుకుంది. అందులో సుమారు 4,200 మంది ఉన్నారు. 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రం ఎక్కిన కొన్ని వందల మందికి ఇంకా డ్రిల్లు జరగలేదు. ఎక్కిన 24 గంటల లోపు డ్రిల్లు చేస్తే చాలని అప్పట్లో నియమం. ఆ తరువాత దాన్ని మార్చారు. 2015 నుండి ఓడ కదలక ముందే, లేదా కదిలిన వెంటనే డ్రిల్లు చేయాలి. ప్రయాణికులు దిగక ముందే ఓడను వదిలి పోయిన కెప్టెనుకు 16 ఏళ్ళ జైలు శిక్ష పడింది. నియమం ప్రయాణికుడికీ ఉంది, నడిపేవాడికీ ఉంది.

మొహమాట పడొద్దు

మన దగ్గర కూడా చట్టం ఉంది. 1917 నాటి పాత చట్టం తీసేసి, నదుల్లో తిరిగే మర పడవలకు 2021లో కొత్త చట్టం చేశారు. దాని ప్రకారం లాంచీకి రిజిస్ట్రేషను, తనిఖీ పత్రం, బీమా ఉండాలి. కచ్చులూరు ప్రమాదం తరువాత 2020 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 9 చోట్ల బోట్ల కోసం కంట్రోలు రూములు ప్రారంభించింది.

చట్టం కాగితం మీద ఉంటుంది. రేవులో ఉండేది మనం. రేవులో మాటలు ఎలా ఉంటాయో చూడండి.

"బాబూ, మా పిల్లాడికి చిన్న జాకెట్టు ఇవ్వు."

"పర్లేదమ్మా. సాయంత్రానికి వచ్చేస్తాం కదా. మీ ఒళ్ళో కూర్చోబెట్టుకోండి."

"ఒళ్ళో కూర్చుంటే మునగడా? జాకెట్టు ఇస్తేనే ఎక్కుతాం."

"ఊరుకోవే కోడలా! అందరూ మననే చూస్తున్నారు."

"చూడనీ అత్తయ్యా. చూసి వాళ్ళు కూడా అడుగుతారు."

అప్పుడు పక్కనున్న ఒక అమ్మ అంది: "అవునయ్యా, మా మనవరాలికీ ఇవ్వు." ఇంకొకామె అడిగింది. సరంగు లేచి లోపలికి వెళ్ళి పిల్లల జాకెట్లు తెచ్చాడు.

ఒక్కరు అడిగితే గొడవ అంటారు. నలుగురు అడిగితే పద్ధతి అవుతుంది. మనం మొహమాట పడతాం. డబ్బు కట్టేశాం కదా, ఎక్కకపోతే పోతుంది కదా అనుకుంటాం. డబ్బు మళ్ళీ సంపాదించుకోవచ్చు.

అడగడం ఎంత ముఖ్యమో, మాట వినడం కూడా అంతే ముఖ్యం. లాంచీవాళ్ళు "జాకెట్టు తీయకండి, ఒక పక్కకు రాకండి" అంటే విసుక్కోవద్దు. "వరద ఉంది, ఈ రోజు లాంచీ లేదు" అంటే బతిమాలొద్దు. గోదావరి వచ్చే వారం కూడా ఉంటుంది.

మీ చదువుకు ఇక్కడ పని ఉంది

ఇప్పుడు మీకు అక్షరాలు వచ్చు, అంకెలు వచ్చు. ఇదివరకు ఎవరో ఎక్కమంటే ఎక్కేవాళ్ళు. ఇక చదివి ఎక్కండి. లాంచీ పేరు, నంబరు చదవండి. ఎంతమంది ఎక్కవచ్చో ఎక్కడ రాసి ఉందో వెతకండి. కనబడకపోతే అడగండి. ఎక్కినవాళ్ళను లెక్కపెట్టండి. చంటిపిల్లలను కూడా లెక్కలో వేయండి. మీ పేర్లు, ఊరు రాసుకున్నారో లేదో చూడండి. ఏదైనా జరిగితే ఎవరు ఉన్నారో, ఎవరు లేరో తెలిసేది ఆ పట్టిక వల్లే. సాయం కోసం 112కు ఫోను చేయవచ్చు. ఈ నంబరు పిల్లలకూ నేర్పండి.

కొత్త మాటలు

సరంగు: లాంచీ నడిపేవాడు
రేవు: పడవ ఎక్కే, దిగే చోటు
ఒరవడి: నీరు పోయే జోరు
డ్రిల్లు: ప్రమాదం రాక ముందే చేయించే అభ్యాసం

జవాబులు చెప్పండి

1. కచ్చులూరు దగ్గర లాంచీలో ఎంతమంది ఉన్నారు? ఎంతమంది బతికారు?
2. అందరూ ఒకే పక్కకు ఎందుకు వెళ్ళకూడదు?
3. పెద్ద ఓడల్లో డ్రిల్లు ఎప్పుడు చేయాలి?

లెక్క చేయండి

లాంచీ మీద 60 మంది ప్రయాణికులు అని రాసి ఉంది. అప్పటికే 48 మంది ఎక్కారు. మీ గుంపులో పిల్లలతో కలిపి 15 మంది ఉన్నారు. అందరూ ఎక్కవచ్చా? ఎంతమంది ఎక్కువ అవుతారు? అప్పుడు మీరు ఏం చేస్తారు?

కలిసి మాట్లాడుకోండి

మీ ఊరి రేవులో, చెరువులో, కాలవలో పడవ మీద దాటుతారా? అందులో జాకెట్లు ఉన్నాయా? లేకపోతే ఎవరిని అడగాలి? నలుగురూ కలిసి పంచాయతీకి ఒక అర్జీ రాయండి. కింద మీ సంతకాలు మీరే పెట్టండి.