బాప్తిస్మపు రిజిస్టరు ఎవరు చూడవచ్చును?

పాఠ్యభాగము: దానియేలు 6:10-13



దానియేలు కిటికీలు మూయలేదు. ఎప్పటివలెనే మోకరించెను. పొంచియున్నవారు అది చూచి రాజుకు ఫిర్యాదు చేసిరి. బాప్తిస్టులమైన మనకు కూడ దాపరికము లేదు. మన బాప్తిస్మము పదిమంది ఎదుటనే జరుగును.

అయితే 2002లో తమిళనాడు ప్రభుత్వము బలవంతపు మతమార్పిడి నిషేధ చట్టము తెచ్చెను. బలవంతమేమియు లేకపోయినను, మతము మార్చు సంస్కారము జరిపించినవారు జిల్లా మేజిస్ట్రేటుకు తెలియజేయవలెను. లేనియెడల ఏడాది వరకు జైలు, లేదా జరిమానా. అనగా తిరుత్తణిలో ఒక సహోదరి నీళ్లలోనికి దిగినయెడల ఆ సంగతి తిరువళ్లూరు కలెక్టరుగారికి చేరవలసినదే! 2004లో లోక్‌సభ ఎన్నికల తరువాత ప్రభుత్వమే దానిని రద్దుచేసెను.

ఇటువంటి నోటీసు షరతునే హిమాచల్ ప్రదేశ్ హైకోర్టు 2012లో కొట్టివేసెను. తన విశ్వాసమును బయటపెట్టకుండు హక్కు మనిషికి కలదనెను. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మండుగురును గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవముగా తీర్పిచ్చిరి.

విశ్వాసి తానై సాక్ష్యమిచ్చుట వేరు, అధికారి పేరు వ్రాయించుకొనుట వేరు. దానియేలు తానై మోకరించెను.

ఇక మన సంగతి. బాప్తిస్మము పొందినవారి ఫొటోలను వారినడుగకయే వాట్సాప్‌లో పంపుచున్నాము. ఇంట్లో ఇంకను చెప్పుకొననివారు వారిలో ఉందురు గదా! ప్రభుత్వమునే తప్పుపట్టి ఏమి లాభము? రాబోవు కమిటీ కూటములో, రిజిస్టరున్న బీరువా తాళము ఎవరియొద్ద ఉండవలెనో, ఫొటోలకు ఎవరి సమ్మతి కావలెనో తీర్మానించుకొందము.