మహమ్మారి కాలంలో దూరవైద్యం : వైద్యుల వైఖరి

వైద్యశాస్త్రం ఎంత ప్రాచీనమో, వైద్యునికి రోగికి గల సామీప్యం అంత ప్రాచీనం. రోగి వైద్యుని చెంతకు పోవటమో, వైద్యుడు రోగి ఇంటికి రావటమో తప్ప మూడవ మార్గాన్ని మన పెద్దలు ఊహింపలేదు. అట్టి సంప్రదాయానికి 2020వ సంవత్సరం గట్టి పరీక్ష పెట్టినది. ఆ ఏడు మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ వ్యాధిని మహమ్మారిగా వర్ణించినది. మార్చి 25 నుండి మన దేశమంతటా లాక్‌డౌన్ అమలైనది. రైళ్ళు, బస్సులు నిలిచిపోయినవి. అనేక చోట్ల ప్రైవేటు క్లినిక్కులు తలుపులు మూసినవి. అయితే చక్కెర వ్యాధికి, రక్తపోటుకు, మూర్ఛకు లాక్‌డౌన్ లేదు. మందు బిళ్ళలు అయిపోయిన వృద్ధుడు, నెలలు నిండుతున్న గర్భిణి ఎవరిని అడగాలి? వారికి మిగిలిన సాధనం టెలిఫోను ఒక్కటే.

ఆ సాధనాన్ని చేపట్టటానికి వైద్యులు మొదట ఏల సంకోచించారు? పిమ్మట ఏల అంగీకరించారు? ఈ రెండు ప్రశ్నలను మేము ఈ వ్యాసంలో పరిశీలింప దలచినాము. వైద్యులు పాత అలవాటును వదలలేకపోయినారని కొందరు అంటారు. మా అభిప్రాయం వేరు. వారి సంకోచం బాధ్యత నుండి పుట్టినది. ఆ బాధ్యతను మోయటానికి తగిన ఆధారం దొరికినంత మేరకే అది తొలగినది.

చూపు, స్పర్శ, ప్రశ్న

ఆయుర్వేదంలో రోగి పరీక్ష మూడు విధాలు: దర్శనం, స్పర్శనం, ప్రశ్నం. యూనానీ హకీములు నబ్జ్ చూడటానికి, అనగా నాడీ పరీక్షకు, మిక్కిలి ప్రాధాన్యం ఇచ్చినారు. ఆధునిక వైద్య విద్యార్థి కూడా మొదటి పాఠంగా నేర్చుకొనేది ఇదే క్రమం. కంటితో చూడటం, చేతితో తాకటం, వ్రేళ్ళతో తట్టటం, చెవితో వినటం. రొమ్మును తట్టి లోపలి స్థితిని తెలుసుకొనే పద్ధతిని 1761లో వియన్నా నగర వైద్యుడు ఔయెన్‌బ్రుగ్గర్ గ్రంథస్థం చేసినాడు.

స్టెతస్కోపు పుట్టుక ఇచ్చట స్మరింప దగినది. 1816లో పారిస్ నగరంలో లైన్నెక్ అను వైద్యుడు ఒక యువతి గుండె చప్పుడు వినవలసి వచ్చినది. ఆమె ఎదపై చెవి ఆనించటం మర్యాద కాదని తలచి, కాగితాన్ని గొట్టంగా చుట్టి దాని గుండా విన్నాడు. చప్పుడు మునుపటి కంటె స్పష్టంగా వినిపించినది. వైద్యునికి రోగికి నడుమ జానెడు దూరం ఏర్పడినది. ఆ దూరమే వైద్యానికి మేలు చేసినది. కావున దూరమన్నది వైద్యానికి స్వభావసిద్ధమైన శత్రువు కాదు. ఆ దూరాన్ని దాటి నమ్మదగిన సమాచారం వైద్యునికి అందుతున్నదా, లేదా అనునదే అసలు ప్రశ్న.

పూర్వ చరిత్ర

దూరవైద్యం మహమ్మారితో పుట్టినది కాదు. 1905లో హాలండు దేశపు లైడెన్ నగరంలో ఐంథోవెన్ అను శాస్త్రజ్ఞుడు ఆసుపత్రిలోని రోగి గుండె విద్యుత్ స్పందనలను టెలిఫోను తీగ ద్వారా సుమారు 1.5 కిలోమీటర్ల దూరంలో ఉన్న తన ప్రయోగశాలకు రప్పించి నమోదు చేసినాడు. మన తెలుగు నేలకు కూడా ఈ చరిత్రలో చోటు గలదు. 2000 సంవత్సరం మార్చి నెలలో చిత్తూరు జిల్లా అరగొండ గ్రామంలోని అపోలో ఆసుపత్రిలో దూరవైద్య కేంద్రం ప్రారంభమైనది. తరువాత భారత అంతరిక్ష పరిశోధన సంస్థ ఉపగ్రహం ద్వారా ఆ గ్రామాన్ని చెన్నై నగరంలోని నిపుణులతో కలిపినది.

సాధనం అప్పటికే ఉన్నది, దారి తెలిసినది. అయినను ఆ పిమ్మటి ఇరవై ఏండ్లలో సామాన్య వైద్యుని దైనందిన ఆచరణలో దూరవైద్యం వేరూనలేదు. కారణం వెదకవలసి ఉన్నది.

సంకోచానికి కారణాలు

మొదటి కారణం శిక్షణ. కడుపునొప్పి అని ఒకడు ఫోనులో చెప్పినాడనుకొందాం. అది అజీర్ణమా, అపెండిసైటిస్ వ్యాధియా? పొత్తికడుపు కుడివైపున వ్రేళ్ళతో నొక్కి చూచినప్పుడు కలిగే నిశ్చయం, ఎన్ని ప్రశ్నలు వేసినను కలుగదు. పసిబిడ్డ ఊపిరి తీయునపుడు పక్కటెముకలు లోపలికి పోతున్నవా అను విషయం తల్లి మాటల వలన సరిగా తెలియదు. చేయి ఆనించనిదే నిర్ణయింపరాదని ఏండ్ల తరబడి నేర్చిన వైద్యుడు, చేయి ఆనించకుండ నిర్ణయింపుమనిన వెనుకాడటం సహజం.

రెండవ కారణం చట్టం. 2020 వరకు ఈ విషయంలో దేశమంతటికీ వర్తించే స్పష్టమైన నియమావళి లేదు. 2018లో బొంబాయి హైకోర్టు ఒక వైద్య దంపతుల ముందస్తు బెయిలు అభ్యర్థనను త్రోసిపుచ్చినది. ప్రసవానంతరం ఆసుపత్రిలో చేర్చుకొన్న స్త్రీకి, వైద్యులు స్వయంగా లేని సమయంలో, ఫోను మీది సూచనతో మందులు ఇవ్వటం, ఆమె మరణించటం ఆ వ్యవహారం. రోగనిర్ణయం చేయకుండ మందు సూచించటం నేరతుల్యమైన నిర్లక్ష్యమని న్యాయస్థానం అభిప్రాయపడినది. ఈ తీర్పు వలన, ఫోనులో మంచి మాట చెప్పినను రేపు బోనులో నిలబడవలసి వచ్చునేమో అను భీతి వైద్యులలో వ్యాపించినది.

మూడవ కారణం ప్రతిఫలం. మన సమాజంలో ఫోను మీద అడిగే సలహాకు రుసుము చెల్లించే అలవాటు లేదు. తెలిసినవారు రాత్రి పదకొండు గంటలకు ఫోను చేసి, ‘ఒక్క మాట డాక్టరు గారూ’ అంటారు. ఆ ఒక్క మాటకు బాధ్యత పూర్తిగా వైద్యునిది. ప్రతిఫలం మాత్రం శూన్యం.

నాలుగవది గోప్యత. గదిలో రోగి, వైద్యుడు మాత్రమే ఉంటారు. ఫోనుకు అవతల ఎవరు వింటున్నారో వైద్యునికి తెలియదు. కోడలు తన బాధ చెప్పుకొనునపుడు ఇంటిల్లిపాది చుట్టూ కూర్చుండిన, ఆమె నిజం చెప్పగలదా?

2020 నియమావళి

లాక్‌డౌన్ ఆరంభమైన దినముననే, 2020 మార్చి 25న, దూరవైద్య నియమావళి వెలువడినది. నాటి భారత వైద్య మండలి స్థానంలో పనిచేస్తున్న పాలక మండలి నీతి ఆయోగ్ సహాయంతో దీనిని రూపొందించినది. వైద్యుల సంకోచానికి కారణాలు ఏవో ఎరిగినవారు దీనిని వ్రాసినారని చదివినవారికి తోచును.

వీడియో, ఫోను, వ్రాతపూర్వక సందేశం - ఈ మూడింటినీ ఇది అంగీకరించినది. దూరం నుండి చూడవచ్చునా, రోగిని స్వయంగా రప్పించవలెనా అను నిర్ణయాన్ని వైద్యుని విచక్షణకే వదలినది. రోగి తానై ఫోను చేసిన అంగీకారం ఉన్నట్లే. వైద్యుడు గాని, ఆరోగ్య కార్యకర్త గాని, రోగి బాగోగులు చూచేవారు గాని మొదలుపెట్టిన, రోగి స్పష్టంగా అంగీకారం తెలుపవలెను. రుసుము తీసుకొనవచ్చును. వివరాలు భద్రపరచవలెను. అత్యవసర స్థితిలో ప్రథమ చికిత్స సలహా ఇచ్చి, వెంటనే ఆసుపత్రికి పంపవలెను.

మందుల విభజన మరింత వివేకవంతమైనది. దుకాణంలో చీటీ లేకుండ దొరికే సామాన్యమైన మందులను ఏ పద్ధతిలోనైనా సూచింపవచ్చును. మరికొన్నింటిని మొదటిసారి అయిన వీడియోలో చూచిన పిమ్మటనే వ్రాయవలెను. ఆరు నెలల లోపల అదే వ్యాధికి స్వయంగా చూచిన రోగి అయినచో, అవసరాన్ని బట్టి మందులను పొడిగింపవచ్చును, చేర్పవచ్చును. మత్తు కలిగించే పదార్థాలు మొదలైనవి మాత్రం పూర్తిగా నిషిద్ధం. అనగా, రోగిని గురించి వైద్యునికి ఎంత తెలియునో, అంతటి స్వేచ్ఛయే అతనికి ఇవ్వబడినది.

ఒక మాటను గూర్చి హెచ్చరిక అవసరం. ఈ నియమావళిలో ‘ఆర్.ఎం.పి.’ అనగా వైద్య మండలిలో పేరు నమోదైన పట్టభద్రుడు. మన పల్లెలలో ఆర్.ఎం.పి. డాక్టరు అని వ్యవహరింపబడేవారిలో చాలమందికి ఆ పట్టా లేదు. చీటీ పై నమోదు సంఖ్య ఉన్నదో లేదో చూచుకొనే అలవాటు రోగికి ఉండవలెను.

ఆచరణలో వచ్చిన మార్పు

రెండు వారాలు దాటగానే 2020 ఏప్రిల్ 13న కేంద్ర ప్రభుత్వం ‘ఈ-సంజీవని’ ద్వారా ప్రజలకు ఉచిత వైద్య సలహా ఏర్పాటు చేసినది. ఇండ్లలోనే ఉండి చికిత్స పొందే కోవిడ్ రోగులకు ఫోను సలహాయే ముఖ్యాధారమైనది. వైద్యుని ప్రాణరక్షణ కూడా ఇందులో ఇమిడి ఉన్నది. చైనాలోని వూహాన్ నగరంలో తొలి హెచ్చరిక చేసిన నేత్రవైద్యుడు లీ వెన్లియాంగ్, తన వద్దకు వచ్చిన రోగి నుండి వ్యాధి సోకి, 2020 ఫిబ్రవరి 7న మరణించిన సంగతి వైద్యులందరికీ తెలియును.

అయినను అన్ని శాఖలవారి వైఖరి ఒక్కటి కాదు. మానసిక వైద్యునికి మాటయే ప్రధాన సాధనం. చర్మ వైద్యుడు మచ్చను వీడియోలో చూడగలడు. చక్కెర వ్యాధి నిపుణుడు పరీక్ష అంకెలను బట్టి మందు మార్చగలడు. వీరు దూరవైద్యంలో ఇమిడిపోయినారు. శస్త్రచికిత్సకుడు, ప్రసూతి వైద్యురాలు, శిశు వైద్యుడు ఆ విధంగా ఇమడలేదు. వారి పరీక్ష వారి వ్రేళ్ళలో ఉన్నది. ఈ భేదమే మా వాదానికి బలం.

కోవిడ్ విషయంలో వైద్యునికి ధైర్యం ఇచ్చినది పల్స్ ఆక్సిమీటరు అను చిన్న పరికరం. ఈ వ్యాధిలో కొందరికి ఆయాసం తెలియకుండానే రక్తంలో ప్రాణవాయువు తగ్గిపోయేది. రోగి ‘బాగానే ఉన్నాను’ అన్నను, వ్రేలికి తగిలించిన పరికరం 94 కంటె తక్కువ చూపిన వైద్యుడు మేలుకొనేవాడు. ఆరు నిమిషాలు నడిపించి మరల చూడుమనేవాడు. గోళ్ళ రంగు వలన, చల్లబడిన వ్రేళ్ళ వలన అంకె తప్పవచ్చును గాని, ఏమీ లేని చోట అది గొప్ప ఆధారం. దీని సూత్రాన్ని 1970 దశకంలో కనిపెట్టిన జపాను దేశపు టకువో అయోయాగి, ఆ పరికరం లోకమంతటా ప్రాణాలు నిలుపుతున్న 2020 ఏప్రిల్ నెలలోనే కన్నుమూసినాడు.

రెండవ ఆధారం రోగి పక్కన ఉన్న మనిషి. గ్రామ కేంద్రంలోని శిక్షణ పొందిన కార్యకర్త రక్తపోటు కొలిచి, జ్వరం చూచి, నొక్కవలసిన చోట నొక్కి, దూరాన ఉన్న వైద్యునికి చెప్పును. 2023 ఫిబ్రవరి నాటికి ఈ-సంజీవని సలహాల సంఖ్య 10 కోట్లు దాటినది. అందులో 3 కోట్లకు పైగా ఆంధ్రప్రదేశ్‌వి. రాష్ట్రాలలో అదే ప్రథమ స్థానం. ఆ సలహాలలో అత్యధిక భాగం, ఆరోగ్య కేంద్రంలో రోగి ప్రక్కన కార్యకర్త కూర్చుండగా జరిగినవే. వైద్యుడు కోల్పోయిన స్పర్శను మరొకరి చేతులు తిరిగి ఇచ్చినవి.

మాటయే పరీక్ష

భాషోపాధ్యాయులమైన మాకు మిక్కిలి ముఖ్యంగా తోచిన విషయం ఇంకొకటి ఉన్నది. దర్శనం మసకబారి, స్పర్శనం పోయిన చోట మిగిలినది ప్రశ్నం. అప్పుడు రోగి భాషయే రోగి దేహం.

మన ప్రాంతపు వృద్ధ స్త్రీ దక్కనీ ఉర్దూలో ‘దిల్ ఘబ్రారా’ అంటుంది. అది గుండె దడయా, వాంతి వచ్చే భావమా, ఊపిరాడకపోవటమా, కేవలం దిగులా? ఎదుట కూర్చున్న వైద్యుడు ఆమె నుదుటి చెమట చూచి గ్రహిస్తాడు. ఫోనులో ఆ చెమట కనబడదు. తెలుగులో ‘నీరసం’, ‘కళ్ళు తిరగటం’, ‘ఆయాసం’ అను మాటలు కూడా ఒక్కొక్కరి నోట ఒక్కొక్క అర్థంలో వస్తాయి. నడుమ దుబాసిగా మనుమడు ఉన్నచో, నానమ్మ చెప్పిన పది మాటలు రెండు మాటలై వైద్యుని చేరుతాయి. సిగ్గుపడి ఆమె చెప్పనివి అసలే చేరవు. ఈ సంగతి ఎరిగిన వైద్యుడు సంకోచించిన, అతనిని తప్పుపట్టగలమా?

కావున రెండు భాషలు వచ్చిన మా విద్యార్థులకు ఇందులో ఒక కర్తవ్యం ఉన్నది. ఇంటిలోని పెద్దల తరఫున ఫోను చేయునపుడు, వారి మాటను వారు చెప్పినట్లే చెప్పి, పిమ్మట అర్థం వివరింపవలెను. బాధ ఎప్పుడు మొదలైనది, ఎక్కడ ఉన్నది, ఏమి చేసిన పెరుగుతున్నది అను మూడు విషయాలను ముందే అడిగి వ్రాసుకొనవలెను. వాడుతున్న మందుల పేర్లు, పాత చీటీలు, ఇదివరలో ఏ మందు పడలేదో ఆ వివరం దగ్గర ఉంచుకొనవలెను. స్త్రీలు ఏకాంతంగా మాట్లాడటానికి అవకాశం ఇవ్వవలెను. ఎదలో నొప్పి, మూతి వంకర పోవటం, మాట తడబడటం, స్పృహ తప్పటం వంటివి కలిగినప్పుడు ఫోను సలహా కొరకు కాలం వ్యర్థం చేయక ఆసుపత్రికి తీసుకొని పోవలెను.

ముగింపు

మహమ్మారి వైద్యుల మనస్సును ఒక్క రాత్రిలో మార్చలేదు. నియమావళి చట్టభయాన్ని తగ్గించినది. పరికరం కంటికి అందని దానిని అంకెగా చూపినది. గ్రామ కార్యకర్త తన చేతులను ఎరువిచ్చినది. ఇవి లభించిన చోట వైద్యుడు ముందడుగు వేసినాడు. లభింపని చోట రోగిని రమ్మన్నాడు. రెండింటిలోనూ అతనిని నడిపినది ఒకే ధర్మం. ఇకముందు ఏ ఆపద వచ్చినను, దూరవైద్యానికి కేవలం యంత్రాలు కొన్నంత మాత్రాన చాలదు. ప్రతి గ్రామంలో శిక్షణ పొందిన చేతులు, ప్రతి ఇంటిలో బాధను నిజంగా పలికే నాలుక కూడా సిద్ధం కావలెను. మొదటిది ప్రభుత్వాల పని. రెండవది చదువుకొన్న మనందరి పని.