మిత్రునితో ఒక రాక్ కచేరీ

తెలుగులో ‘కచేరీ’ అనే మాటకు రెండు అర్థాలు స్థిరపడ్డాయి. అధికారులు కూర్చుని వ్యవహారాలు నడిపే చోటు ఒకటి; విద్వాంసులు కూర్చుని సంగీతం వినిపించే సభ మరొకటి. ఉర్దూ నుండి వచ్చిన ఈ పదానికి మొదటిదే మూలార్థం. విచారణ మాత్రం రెండింటిలోనూ ఉన్నదని నాకు తోస్తుంది. మనకు ప్రియమైన సంగీతాన్ని వినిపించడానికి ఆప్తమిత్రుణ్ణి మొదటిసారి వెంటబెట్టుకుని వెళ్లినప్పుడు, విచారణకు నిలబడేది తీసుకువెళ్లినవాడే. 2007 మార్చి 17న బెంగళూరు ప్యాలెస్ మైదానంలో నేను అట్లా నిలబడ్డాను.

నా మిత్రుడు మృదంగ విద్వాంసుడు. హిందూపురంలో మేమిద్దరం ఒకే బడిలో, ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నాము. నేను ప్రాచీన కావ్యాల మీద పరిశోధన చేసి అధ్యాపకుణ్ణయ్యాను. అతడు తండ్రి వద్ద నేర్చిన విద్యతో హరికథలకూ, గాత్ర కచేరీలకూ మృదంగ సహకారం అందిస్తూ వచ్చాడు. నా గురించి అతనికి తెలియని సంగతి ఒక్కటే ఉండేది. తిరుపతిలో ఎం.ఏ. చదివే రోజుల్లో, వసతిగృహంలోని ఆంగ్ల సాహిత్య విద్యార్థి ఒకడు నాకొక క్యాసెట్టు ఇచ్చాడు. కోల్‌రిడ్జ్ కవి 1798లో ప్రకటించిన ‘ది రైమ్ ఆఫ్ ది ఏన్షంట్ మారినర్’ అతనికి పాఠ్యభాగం. సముద్రపక్షిని నిష్కారణంగా చంపి, ఆ పాపఫలాన్ని అనుభవించిన నావికుని కథ అది. లండన్‌లో 1975లో ఏర్పడిన ఐరన్ మెయిడెన్ అనే రాక్ బృందం ఆ కథను 1984లో పదమూడు నిమిషాలు దాటిన పాటగా మలచింది. నేను ముందు పాట విన్నాను, కావ్యం తరువాత చదివాను. అది మొదలు పదిహేనేళ్లకు పైగా ఆ బృందాన్ని వింటూనే ఉన్నాను. మిత్రునికి మాత్రం చెప్పలేదు. సినిమాపాటలో డ్రమ్ముల మోత కాస్త పెరిగితేనే “రేకుడబ్బాలు” అని ముఖం చిట్లించే మనిషికి ఏమని చెప్పగలను?

ఆ బృందం భారతదేశానికి తొలిసారి వస్తున్నదని తెలిసి, రెండు టికెట్లు కొన్న తరువాత చెప్పాను. అతడు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

“ఇన్నేండ్లు నాతో దాచినావా?” అన్నాడు. ఆ మాట నన్ను నొప్పించింది. సంగీతం మాట అటుంచి, దాపరికమే అతనికి తప్పుగా తోచింది. కొంతసేపటికి, “వస్తాను గానీ, ఉగాది సాయంత్రం గుళ్లో హరికథకు వాయించాల. నా చెవులకేమన్నా అయితే పూచీ నీదే” అన్నాడు. సర్వజిత్ నామ సంవత్సర ఉగాదికి అప్పటికి రెండు మూడు రోజుల వ్యవధి మాత్రమే ఉంది. నేను పూచీ పడ్డాను. జేబులో దూదిపింజ వేసుకున్నాను.

మైదానంలో ఎటు చూసినా నల్లచొక్కాల యువకులే. పంచె కట్టుకుని వచ్చినవాడు నా మిత్రుడు ఒక్కడే కావచ్చు. ఒక కుర్రవాడు అతనికి దారి ఇచ్చి, “రండి అంకుల్, ముందుకు రండి” అన్నాడు. మొదట ఢిల్లీకి చెందిన పరిక్రమ బృందం వాయించింది. ఆ విరామంలో నేను అధ్యాపకుణ్ణన్న సంగతి మరువలేక, భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పిన చతుర్విధ వాద్యాలను వేదిక మీద చూపించబోయాను. తీగలున్న గిటారు తతం, చర్మం బిగించిన డ్రమ్ములు అవనద్ధం, కంచుతాళాలు ఘనం అన్నాను. “పిల్లనగ్రోవి యాడ?” అని అడిగాడు. సుషిరవాద్యం కనబడలేదు. నా పాఠం అక్కడితో ఆగింది.

ఐరన్ మెయిడెన్ వేదిక మీదికి వచ్చిన క్షణాన మైదానమంతా అరిచింది. మిత్రుడు రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. నేను వేదికను చూడలేదు, అతని ముఖాన్నే చూశాను. నా జీవితంలో అంత అశ్రద్ధగా విన్న కచేరీ మరొకటి లేదు. ఎంతో కాలంగా ఎదురుచూసిన పాటలు సాగుతూ ఉంటే, నా చెవులతో కాక అతని చెవులతో వింటున్నాను. అదివరకు నాకు గంభీరంగా తోచిన చోటు అరుపుగా వినిపించింది. “మృదంగం మేము తోలు మీద వాయిస్తాము. వీండ్లు మన ఎదురొమ్ముల మీద వాయిస్తున్నారు” అని అతడు నా చెవిలో అరిచాడు. ఆ మాటలో మెప్పు ఉన్నదో, విసుగు ఉన్నదో తేల్చుకోలేకపోయాను.

అప్పుడు ‘ది ట్రూపర్’ అనే పాట వచ్చింది. 1854లో క్రిమియా యుద్ధంలో, బాలక్లావా వద్ద ఫిరంగుల మీదికి దూకిన ఆంగ్ల ఆశ్వికదళాన్ని గురించిన పాట అది. బృంద స్థాపకుడు స్టీవ్ హ్యారిస్ బేస్ గిటారును వేళ్లతోనే మీటుతాడు. పాట సాగుతూ ఉండగా మిత్రుని చేతులు చెవుల మీది నుండి దిగాయి. కుడిచేతి వేళ్లు పంచె మీద, తొడ మీద కదిలాయి. తాం తక, తాం తక, తాం తక. నా భుజం పట్టి ఊపి, “ఒరేయ్, ఇది నీ భగణం కాదట్రా!” అన్నాడు.

విద్యార్థులు ఛందస్సులో చదివినదే. మొదట గురువు, తరువాత రెండు లఘువులు వస్తే భగణం. ‘రాముడు’, ‘కోయిల’ వంటి పదాలు భగణాలు. ఉత్పలమాల పాదం భగణంతోనే మొదలవుతుంది. పదిహేనేళ్లు ఆ పాట విన్నాను, అన్నేళ్లూ తరగతిలో గణవిభజన చెప్పాను. రెంటినీ ఒకచోట చేర్చాలని నాకు తోచలేదు. మృదంగం వాయించేవాడు రెండు నిమిషాల్లో పట్టుకున్నాడు.

చివరికొచ్చేసరికి ‘ఫియర్ ఆఫ్ ది డార్క్’ పాటలో గిటారు వరుసను వేలాది కంఠాలు మాటలు లేకుండా అందుకున్నాయి. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్ర పర్వత ప్రకరణంలో వర్ణించిన శ్రీశైల యాత్రికుల ఆటపాటలు నాకు స్ఫురించాయి. చెబుదామని తిరిగి చూస్తే, మిత్రుడు తానూ పాడుతున్నాడు. నేను చెప్పలేదు.

తిరుగు ప్రయాణంలో బస్సులో వాదం మొదలైంది. మన ఛందస్సులో గుర్రం పేరున్న హయప్రచార, తురగవల్గన రగడలు మూడు మాత్రల గణాలతో నడుస్తాయి. భగణానికి నాలుగు మాత్రలు. కాబట్టి ఇది గుర్రపు నడక కాజాలదని నా పూర్వపక్షం. “మా తాత జట్కా తోలినాడు. గుర్రానికి ఒకటే నడకని నీకెవరు చెప్పినారు?” అని అతని సమాధానం. తరువాత విచారిస్తే అతనిదే నిజమని తేలింది. గుర్రం ఒక మోస్తరు పరుగులో మూడు దెబ్బలు, పూర్తి దౌడులో నాలుగు దెబ్బలు వినిపిస్తాయట. మన లాక్షణికులు మొదటి పరుగును విన్నారేమో!

మరునాటి ఉదయం అతని చెవుల్లో హోరు. నా దూది ఎందుకూ కొరగాలేదు. అంతటి ధ్వనిని దూది ఆపలేదని తరువాత తెలుసుకున్నాను. ఇటువంటి వేదికల వద్ద పదిహేను నిమిషాల సగటు ధ్వని 100 డెసిబెల్స్ మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. మీలో ఎవరైనా వెళితే, చెవుల్లో అమర్చుకునేందుకు ప్రత్యేకంగా తయారుచేసిన బిరడాలు కొనుక్కుని వెళ్లండి.

ఉగాది సాయంత్రం గుళ్లో నేను ముందు వరుసలో తల వంచుకుని కూర్చున్నాను. మిత్రుడు మృదంగం ఎడమవైపు రవ్వముద్ద అద్ది, కుడివైపు అంచు మీద రాతితో తట్టి శ్రుతి చేశాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు తట్టాడు. చివరకు హరిదాసుగారి వైపు వంగి, “సరిపోయిందేమో మీరే చూడండి స్వామీ” అన్నాడు. ముప్పై ఏళ్లలో అతడు ఇతరులను శ్రుతి అడగడం నేను చూడలేదు. హరిదాసుగారు విని తల ఊపారు. ఆ రాత్రి కథ లవకుశ. యాగాశ్వం అడవిలోకి వచ్చిన ఘట్టంలో భగణాలు వినిపించాయి. అతడు నా వైపు చూడలేదు.

ఎడమ చెవిలో హోరు వారం రోజులకు గాని తగ్గలేదని చాలా కాలం తరువాత చెప్పాడు. వెంటనే ఎందుకు చెప్పలేదంటే, “నువ్వు దాచినదానికీ దీనికీ చెల్లు” అన్నాడు.

1982 చివర నుండి ఆ బృందంలో డ్రమ్ములు వాయించిన నికో మెక్‌బ్రెయిన్ 2024 డిసెంబరులో పర్యటనల నుండి విరమించాడు. ఆ వార్తను ఫోనులో నాకు చెప్పినవాడు నా మిత్రుడే.