బెర్తా పిట్స్ క్యాంప్‌బెల్: రెండు ఊరేగింపులు

కళాశాలలో సంఘం పెట్టడమంటే వార్షికోత్సవానికి చందాలు వసూలు చేయడమేనని తలచే విద్యార్థులకు ఈమె చరిత్ర తెలియవలసి ఉంది.

బెర్తా పిట్స్ 1889లో కాన్సాస్ రాష్ట్రంలో జన్మించి, కొలరాడోలోని మాంట్రోజ్ పట్టణంలో పెరిగింది. 1908లో ఉన్నత పాఠశాలలో ప్రథమురాలిగా ఉత్తీర్ణురాలై, అనంతరం వాషింగ్టన్ నగరంలోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో చేరింది. 1913 జనవరి 13న ఆమెతో సహా 22 మంది నల్లజాతి విద్యార్థినులు 'డెల్టా సిగ్మా తీటా' అనే సోదరీ సంఘాన్ని స్థాపించారు. వారిలో పలువురు అంతకు పూర్వం వేరొక సంఘంలో సభ్యులు. విందు వినోదాలకన్న ప్రజాసేవ ప్రధానం కావాలని వారి ఆకాంక్ష.

రెండు నెలలైనా నిండకమునుపే, మార్చి 3న, స్త్రీల ఓటుహక్కు కోసం పెన్సిల్వేనియా అవెన్యూలో జరిగిన ఊరేగింపులో ఆ విద్యార్థినులు నడిచారు. నల్లజాతి స్త్రీలు తమతో కలిసి నడవడం నిర్వాహకులలో కొందరికి రుచించలేదు. వీథిలో మూగిన గుంపులు ఊరేగింపులోని మహిళలను తోసి, హేళన చేశాయి. ఇందులో ఒక విశేషం గమనించాలి. కొలరాడోలో స్త్రీలకు 1893లోనే ఓటు దక్కింది. కనుక బెర్తా నడిచింది ఆ హక్కు లేని తోటి స్త్రీల కోసమే! 1920 నాటి రాజ్యాంగ సవరణ తరువాత సైతం, దక్షిణ రాష్ట్రాల నల్లజాతి స్త్రీలలో అత్యధికులకు 1965 చట్టం వచ్చేవరకు ఆ హక్కు కాగితంపైనే మిగిలింది.

1923లో సియాటిల్ చేరిన ఆమె, 1942లో అక్కడ జాతి సమానత్వం కోసం శ్వేత, నల్లజాతి క్రైస్తవులు కలిసి నడిపిన సంఘానికి ఆద్యులలో ఒకరైంది. 1981లో, 92 ఏళ్ల వయసున, వేలాది సంఘ సభ్యులు వెంటరాగా అదే పెన్సిల్వేనియా అవెన్యూలో మరల నడిచింది. 1990లో కన్నుమూసేనాటికి ఆమెకు నూరేళ్లు నిండాయి.