ఆ క్లిప్పు తీసెయ్యి అల్లుడూ



మొన్న ఆదివారం మీ అమ్మ ఫోన్లో కొత్త కారు కబుర్లన్నీ చెప్పింది. రంగు బాగుందట. దుర్గమ్మ గుడి దగ్గర పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు కూడా తొక్కించారట. మీ మావయ్య మురిసిపోతూ వింటున్నాడు. ఇంతలో ఆవిడ మాటల్లో మాటగా అనేసింది: "బెల్టు పెట్టుకోకపోతే అది ఒకటే మొత్తుకుంటుంది అన్నయ్యా. వాడు ఆన్‌లైన్లో ఏదో క్లిప్పు తెప్పించి అందులో దూర్చాడు. ఇప్పుడు చప్పుడు లేదు, ప్రాణానికి హాయిగా ఉంది."

ఆ రాత్రి మీ మావయ్యకి నిద్ర పట్టలేదు. ఇదేమిట్రా అని అడిగితే నువ్వు పంపిన జవాబు ఇంకా బాగుంది. ఊళ్లోనే తిరుగుతావట. నెమ్మదిగా నడుపుతావట. కారులో ఆరు ఎయిర్‌బ్యాగులున్నాయట. అది చాలక, బెల్టు పెట్టుకున్నవాడు ధీమా పెరిగి ఇంకా దూకుడుగా నడుపుతాడని ఎవరో అమెరికా ఆర్థికవేత్త ఎప్పుడో రాశాడట. చదువుకున్న పిల్లలతో వాదన ఇలాగే ఉంటుంది.  

బెల్టు పెట్టుకోనివాళ్లు తెలివితక్కువవాళ్లేం కాదు. వాళ్లలో డాక్టర్లున్నారు, ఇంజినీర్లున్నారు, రోడ్డు భద్రతా వారోత్సవాల్లో ఉపన్యాసమిచ్చి బెల్టు లేకుండానే ఇంటికెళ్లే నాయకులున్నారు. బెల్టు ప్రాణం కాపాడుతుందని వాళ్లకి ఒకరు చెప్పనక్కర్లేదు. కానీ ఏళ్ల తరబడి పెట్టుకోకుండా తిరిగారు, ఏమీ కాలేదు. క్షేమంగా ఇల్లు చేరిన ప్రతిసారీ ఆ ధైర్యం ఇంకాస్త ముదురుతుంది. ఎదురుగా పోలీసు కనిపిస్తే మాత్రం బెల్టు లాగి, బిగించకుండా ఒళ్లో పట్టుకుంటారు. చౌరస్తా దాటగానే వదిలేస్తారు.

మన వైపు అంతకంటే గట్టి కారణం ఇంకొకటుంది. మొహమాటం. పక్కసీట్లో కూర్చున్న చుట్టం బెల్టు కోసం చెయ్యి పెట్టగానే స్టీరింగ్ దగ్గరున్నాయన మొహం మాడ్చుకుంటాడు. "ఏం బావా, నా డ్రైవింగ్ మీద నమ్మకం లేదా?" అంటాడు. చుట్టం ఓ నవ్వు నవ్వి చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. ఇద్దరి మర్యాదా నిలబడింది. కానీ ఆ బావ ఎంత గొప్ప డ్రైవరైనా, రాంగ్ రూటులో లైటు లేకుండా వచ్చే ట్రాక్టరు అతని చేతిలో ఉండదు. తెల్లవారుజామున సూర్యాపేట దాటాక రోడ్డు పక్కన ఆపేసిన, వెనక ఎర్రదీపం కూడా వెలగని లారీ అతని చేతిలో ఉండదు. మీ మావయ్య స్టీరింగు పట్టినంతకాలం భయపడింది వాటికే, తన చేతులకి కాదు.

ఆర్టీసీలో చేరకముందు ఆయన బస్టాండు దగ్గర అంబాసిడర్ టాక్సీ నడిపేవాడు. గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉండేది, ముందు సీటు బల్లలా పొడుగ్గా ఉండేది. పెళ్లిళ్ల సీజనొస్తే ముందు నలుగురు, వెనక లెక్కలేనంతమంది. డ్రైవరుకి కుడివైపు కూడా ఎవరో ఒక పిల్లగాణ్ణి కూర్చోబెట్టేవాళ్లు. డ్రైవరు మధ్యలో ఇరుక్కుపోయి నడిపేవాడు. ఓసారి మీ అమ్మా అలాగే కూర్చుని దారంతా హారన్ కొడుతూనే ఉంది, ఊరు రాగానే ఏడుపు, దిగనని. ఆ మొండితనం నీకూ వచ్చింది. ఆ రోజుల్లో బెల్టంటే ప్యాంటుకి పెట్టుకునేదే.

తర్వాత బెల్టులున్న కార్లొచ్చాయి. మన ఊళ్లో ఒక పెద్ద ఆసామి కొత్త కారు కొని మీ మావయ్యని నడపమన్నాడు. ఇస్త్రీ మడత నలగని తెల్ల పంచె, తెల్ల చొక్కా. బెల్టు పెట్టుకోమంటే కళ్లెర్రజేశాడు. "కట్టేసుకోడానికి గేదెననుకున్నావా, ఇదేమన్నా పలుపా?" పొలిమేర దాటకుండానే అడ్డంగా మేకల మంద. బ్రేకు పడగానే ఆసామి నుదురు ముందున్న అద్దానికి కొట్టుకుంది, కుట్లు పడ్డాయి. అద్దం అంత దగ్గరగా ఎందుకు పెట్టారని కారు చేసినవాళ్లని దారంతా తిట్టాడు. మర్నాటి నుంచి బెల్టు పెట్టుకున్నాడా అంటే, లేదు. వెనక సీట్లోకి మారాడు.

వెనక సీటు మనకి దర్జా. పెద్దమనుషులు కూర్చునేది అక్కడే. ముందువాళ్లకి జరిగేది తమకి జరగదని వాళ్ల నమ్మకం. 2022 సెప్టెంబర్ 4న టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ గుజరాత్‌లోని ఉద్వాడ నుంచి ముంబై వస్తుంటే, పాల్ఘర్ జిల్లాలో సూర్యా నది వంతెన మీద కారు గోడని గుద్దుకుంది. నడుపుతున్నది కొత్త డ్రైవరు కాదు, కారు చవకబారుదీ కాదు, మెర్సిడెస్. ముందున్న ఇద్దరూ తీవ్రంగా గాయపడినా బతికారు. వెనక కూర్చున్న ఇద్దరూ, మిస్త్రీ, ఆయన మిత్రుడు, బెల్టు పెట్టుకోలేదు. ఇద్దరూ పోయారు. వెనక సీటుకీ బెల్టు ఉండాలన్న నిబంధన కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే ఉంది. దేశానికి దాని సంగతి గుర్తొచ్చింది ఆ వారంలోనే.

కారు యాభై కిలోమీటర్ల వేగంతో వెళ్తూ గోడని గుద్దుకుంటే కారు ఆగుతుంది, లోపలి మనిషి ఆగడు. అదే యాభైతో ముందుకెళ్తాడు. మూడో అంతస్తు నుంచి కింద పడ్డవాడు నేలని తాకే వేగం కూడా దాదాపు అంతే. వెనకున్నవాడైతే ముందు సీటు మీద పడతాడు, ఆ సీట్లో బెల్టు పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నవాణ్ణి కూడా నలిపేస్తాడు. "ఊళ్లోనే కదా" అన్నావు. ఊళ్లో యాభై దాటడం లేదా నువ్వు?

ఇక ఎయిర్‌బ్యాగులు. అవి ఆరుండనీ, పదహారుండనీ, బెల్టు పెట్టుకున్న మనిషిని లెక్కలో పెట్టుకునే వాటిని తయారుచేశారు. ఢీకొన్న క్షణంలో అది గంటకు దాదాపు 300 కిలోమీటర్ల వేగంతో తెరుచుకుంటుంది. బెల్టు ఛాతీని వెనక్కి పట్టి ఉంచితే, అది పూర్తిగా ఉబ్బాక మనిషి దాని మీద వాలతాడు. బెల్టు లేనివాడు అప్పటికే ముందుకి దూసుకెళ్లి, ఇంకా తెరుచుకుంటున్న సంచికి మొహం అడ్డుపెడతాడు.

నీ క్లిప్పు సంగతి ఇక్కడే వస్తుంది, దీన్ని మాత్రం వదిలేది లేదు. మన దేశంలో 2019 జులై 1 నుంచి తయారయ్యే ప్రతి కారులోనూ ముందు రెండు సీట్లకీ ఆ హెచ్చరిక చప్పుడు ఉండాలని ప్రభుత్వం పట్టుబట్టింది. అలా పట్టుబట్టి పెట్టించిన నోటిని మూయడానికి ఒక వస్తువు తయారుచేసి అమ్మడం, దాన్ని డబ్బు పెట్టి కొనుక్కోవడం! మీ మావయ్య చూసిన మోసాల్లో ఇంత విచిత్రమైంది లేదు. దొంగ టిక్కెట్టు కొట్టే కండక్టరుకి నాలుగు రూపాయలైనా మిగిలేవి. ఈ మోసంలో కొన్నవాడికి ఏం మిగులుతుంది? 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఐదు పెద్ద ఆన్‌లైన్ దుకాణాలకి ఆదేశాలిచ్చి వీటిని తీసేయించింది. ఎన్ని తీశారో తెలుసా? 13,118 అమ్మకపు పేజీలు. కొందరు వీటిని సీసా మూత తీసే సాధనమని, సిగరెట్ లైటరని పేరు మార్చి అమ్ముతున్నారు. దొంగచాటుగా అమ్మాల్సిన వస్తువని అమ్మేవాడికే తెలుసు, కొనేవాడికి తెలియదా? పైగా క్లిప్పు దూర్చాక కారు లెక్కలో నువ్వు బెల్టు పెట్టుకున్నట్టే. బెల్టు ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఎయిర్‌బ్యాగు ఎప్పుడు తెరవాలో నిర్ణయించుకునే కార్లు కూడా కొన్ని ఉన్నాయి. వాటికి అబద్ధం చెప్పి నిజమైన సాయం ఆశించడం ఎలాంటి తెలివో చదువుకున్నవాడివి నువ్వే చెప్పాలి.

కోపంగా ఉందనుకోకు. మీ అత్తయ్య పక్కన కూర్చుని "మెల్లగా రాయండి, కుర్రాడు నొచ్చుకుంటాడు" అంటోంది. నొచ్చుకుంటే నొచ్చుకో. నీ పరీక్షల రోజుల్లో తెల్లవారుజామున డ్యూటీకెళ్తూ నిన్ను లేపి టీ ఇచ్చి వెళ్లిన మనిషి రాస్తున్నాడు ఇది.

నువ్వు చెప్పిన ఆ ఆర్థికవేత్త పేరు పెల్ట్జ్‌మన్. 1975లో షికాగోలో రాశాడు. మీ మావయ్య నీ జవాబు చూశాక గ్రంథాలయం కుర్రాణ్ణి పట్టుకుని అంతవరకూ తెలుసుకున్నాడు. ధీమా పెరిగి దూకుడు పెరుగుతుందన్నది ఆయన వాదం. సరే, మరి బెల్టు లేనివాడు జాగ్రత్తగా నడుపుతున్నాడా? రోడ్డు మీద చూడు. బెల్టు లేనివాడూ, ఫోను చెవికి ఆనించేవాడూ, ఎడమ నుంచి దూరి వెళ్లేవాడూ ఒక్కడే. ఆయన వాదం నిజమైతే ఈపాటికి వాడు ప్రపంచంలోకెల్లా భద్రమైన డ్రైవరు కావాలి. ఆ తర్వాత లోకం చేసిన లెక్కలు వేరు. ముందు సీట్లో బెల్టు పెట్టుకుంటే చనిపోయే ప్రమాదం దాదాపు సగానికి తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఈ మూడు చోట్ల బిగిసే బెల్టుని 1959లో తెచ్చినవాడు స్వీడన్ ఇంజినీరు నీల్స్ బోలిన్. వోల్వోకి రాకముందు ఆయన చేసిన పని యుద్ధవిమానాల్లోంచి పైలట్లని పైకి విసిరే సీట్ల తయారీ. మనిషిని బయటికి విసరడం నేర్చినవాడే లోపల పట్టి ఉంచడం కనిపెట్టాడు. ఆ పేటెంటుని కంపెనీ తన దగ్గరే దాచుకోకుండా అందరికీ వదిలేసింది. 1967లో బోలిన్ 28,000 ప్రమాదాల లెక్క తీస్తే, గంటకు సుమారు 96 కిలోమీటర్ల లోపు వేగంలో బెల్టు పెట్టుకున్నవాళ్లు ఒక్కరూ చనిపోలేదు. పెట్టుకోనివాళ్లు అన్ని వేగాల్లోనూ పోయారు.

మన లెక్క చూడు. 2022లో మన దేశంలో బెల్టు పెట్టుకోక చనిపోయినవాళ్లని కేంద్ర రవాణా శాఖ నివేదిక 16,715 మందిగా లెక్కగట్టింది. అందులో నడిపేవాళ్లు 8,384, పక్కనా వెనకా కూర్చున్నవాళ్లు 8,331. దాదాపు సరిసమానం. కూర్చున్నవాడికేమవుతుంది అనేవాళ్లకి ఆ అంకె చూపించు.

నటుడు నందమూరి హరికృష్ణ గారు పోయిన రోజు మీ అమ్మ అన్నం ముట్టలేదు. నీకు గుర్తుందో లేదో. 2018 ఆగస్టు 29, నల్గొండ దగ్గర అన్నెపర్తి. అభిమాని ఇంట పెళ్లికని తెల్లవారుజామునే బయల్దేరి స్వయంగా నడుపుకుంటూ వెళ్తున్నారు. బెల్టు లేదనీ, కారులోంచి బయటికి పడిపోయారనీ పేపర్లలో వచ్చింది. తండ్రి ఎన్టీఆర్ ప్రచారానికి చైతన్యరథాన్ని ఊరూరా తిప్పిన చేతులవి. డ్రైవింగ్ రాదని ఆయన్ని ఎవరంటారు?

అమెరికాలో ఉన్న మీ అన్నయ్య సంగతి ఇంకో వింత. అక్కడ బెల్టు పెట్టుకోకుండా బండి కదపడు, పక్కవాళ్లని కదపనివ్వడు. శంషాబాద్‌లో దిగి టాక్సీ ఎక్కగానే వెనక సీట్లో కాళ్లు చాపుకుని పడుకుంటాడు. అడిగితే "ఇక్కడ ఎవరు పెట్టుకుంటారు మావయ్యా" అంటాడు. వాడూ అబద్ధమాడలేదు. సీటు కవర్లు వేసేవాడు ముందుగా చేసే పని వెనక బెల్టుల బకిల్స్‌ని కవరు కిందికి తొక్కేయడం. పెట్టుకుందామన్నా దొరకవు. నీ కారులోనూ కవర్లు వేయించావని విన్నాం. చెయ్యి పెట్టి వెతుకు. దొరక్కపోతే ఆ కవర్లు కోయించెయ్యి, ఎంత ఖరీదైనవైనా సరే.

ఇక్కణ్ణుంచి మీ అత్తయ్య చెప్పమన్నది. మీ ఆవిడకి ఇప్పుడు ఆరో నెల. కడుపు నొక్కుకుంటుందని బెల్టు తీసేస్తోందని విన్నాం. ఆ భయం అందరు ఆడపిల్లలకీ ఉంటుంది, తప్పుపట్టేది కాదు. కానీ బెల్టు తీయక్కర్లేదు, పెట్టుకునే తీరు మార్చుకుంటే చాలు. కింది పట్టీ కడుపు మీదుగా కాకుండా దాని కింద, తొడల పైన, తుంటి ఎముకలకి ఆనాలి. పై పట్టీ భుజం మీదుగా ఛాతీ మధ్యనుంచి దిగి, కడుపు పక్కగా పోవాలి. సీటు వెనక్కి జరిపితే ఊపిరాడుతుంది. డాక్టరమ్మని అడిగినా ఇదే చెబుతుంది. బిడ్డ పుట్టాక ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చోవద్దు. గుద్దుకున్న క్షణంలో పది కిలోల బిడ్డ రెండొందల కిలోల పైబడిన బరువుతో ముందుకి పోతుంది, ఏ తల్లి చేతులూ ఆపలేవు. పిల్లల సీటు ఒకటి కొను. ఉయ్యాలతో పాటు అదీ మేనమామల కానుకే అనుకో, డబ్బు ఇక్కణ్ణుంచి వస్తుంది.

మంటలొస్తే బెల్టులో ఇరుక్కుపోతామని మీ నాన్న అంటాడు. నిప్పంటుకునే ప్రమాదాలు చాలా తక్కువ. అంటుకున్నా, స్పృహలో ఉన్నవాడే బకిల్ నొక్కి బయటపడతాడు. స్పృహ నిలిపేది బెల్టే. ఇది ఆయనకి నువ్వే చెప్పు, బావగారితో వాదన మనకెందుకు.

పండక్కి ఇద్దరూ రండి. ఆవకాయ జాడీ, బియ్యం మూట తిరుగుప్రయాణంలో వెనక సీట్లో కాకుండా డిక్కీలో పెట్టాలి, బ్రేకు పడితే అవీ ఎగిరొస్తాయి. అమ్మాయికి కారు ప్రయాణం కష్టమైతే రైల్లో తీసుకురా, స్టేషనుకి మావయ్యే ఆటో తీసుకుని వస్తాడు. ఆటోలో బెల్టు ఎక్కడుంది మావయ్యా అని నువ్వు ఎదురడుగుతావని తెలుసు. దానికి జవాబు ఇంకో ఉత్తరం పట్టేలా ఉంది.

ఆశీస్సులతో,
మీ మావయ్య